డ్రిల్లింగ్ మోతలో పిల్లి చెవి

దుర్గాపూజ దగ్గరపడుతోందంటే ఉత్తర కోల్‌కతాలోని పాత ఇళ్ల ముందు వెదురు పరంజాలు లేస్తాయి. మన వైపు సంక్రాంతికి సున్నాలు వేయించుకున్నట్టే, అక్కడ పూజకు ముందు రంగులు, మరమ్మతులు. గోడలు చెక్కుతారు, టైల్స్ కోస్తారు, కరెంటు వైర్ల కోసం గాడులు తీస్తారు. మనుషులు విసుక్కుంటూనే సర్దుకుపోతారు. ఇంట్లో పిల్లి మాత్రం మంచం కిందికో, బీరువా వెనక్కో చేరి సాయంత్రం దాకా బయటికి రాదు. గిన్నెలో చేపముక్క వేసింది వేసినట్టే ఉంటుంది. కాలుగాలిన పిల్లి అనే మాట తెలుగువారికి కొత్తేమీ కాదు గానీ, ఇక్కడ కాలుతున్నది చెవి.

బెంగాల్‌లో పిల్లి షష్ఠీదేవి వాహనం. దానికి హాని చేస్తే ఆ తల్లికి కోపం వస్తుందని పాతవాళ్ల నమ్మకం. డ్రిల్లింగ్ మిషన్‌కు ఇలాంటి పట్టింపులు ఉండవు.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. పిల్లి వినికిడి ఎంతవరకు ఉందో రికీ హెఫ్నర్, హెన్రీ హెఫ్నర్ అనే శాస్త్రవేత్తలు 1985లో కొలిచారు. వారికి తేలింది 48 హెర్ట్జ్ నుంచి 85,000 హెర్ట్జ్ వరకు. అంటే మన హద్దుకు నాలుగు రెట్లకు పైగా. ఎలుకపిల్లలు చేసే, మనకు అసలే వినిపించని కీచుశబ్దాలు పిల్లికి చక్కగా వినిపించేది అందుకే. టైల్స్ కోసే గ్రైండర్, ఇనుమును ఒరుసుకునే బ్లేడు కూడా మన హద్దు దాటిన అతిధ్వనులను పుట్టిస్తాయి. మేస్త్రీకి ఒక మోత వినిపిస్తుంటే, పిల్లికి దాని మీద ఇంకో పొర అదనంగా వినిపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి శబ్దాన్ని నిరంతరం కొలిచే కేంద్రాలను మొదట ఏడు నగరాల్లో పెట్టింది. వాటిలో కోల్‌కతా, హైదరాబాద్ రెండూ ఉన్నాయి. అయితే ఈ డెసిబెల్స్‌ను ‘ఎ’ తూకం అనే పద్ధతిలో లెక్కిస్తారు. మనిషి చెవికి ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా తోస్తుందో దాన్ని బట్టి చేసిన సవరణ అది. కాబట్టి ఫోన్‌లో యాప్ పెట్టి ‘అరవయ్యే కదా’ అనుకుంటే, అది మనిషి తరఫు సాక్ష్యమే. పిల్లి విన్నది అందులో నమోదు కాదు.

ఇల్లు పాతదైతే కథ మరో మలుపు తిరుగుతుంది. ఉత్తర కోల్‌కతా ఇళ్లకు సున్నం, సుర్ఖీతో కట్టిన మందపాటి ఇటుక గోడలుంటాయి. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డపట్టీలు పరిచి పైకప్పు వేస్తారు. స్థానికులు దాన్ని కొడి-బొర్గా అంటారు. వీధిలోంచి గాలి ద్వారా వచ్చే శబ్దాన్ని ఆ మందపాటి గోడ బాగానే ఆపుతుంది. కానీ డ్రిల్ బిట్ ఆ గోడలోకే దిగితే, గోడ అడ్డుగా ఉండటం మాని తానే లౌడ్‌స్పీకర్ అవుతుంది. ఘనపదార్థాల్లో శబ్దం గాలిలో కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పైగా అంత తొందరగా బలహీనపడదు. గోడ నుంచి దూలానికి, దూలం నుంచి పక్కగది నేలకు ఆ కంపనం పాకుతుంది. మంచం కింద పడుకున్న పిల్లికి శబ్దం చెవి నుంచే కాదు, అరికాళ్ల నుంచీ అందుతుంది.

అందుకే పిల్లికి ఇచ్చే గదిని దూరాన్ని బట్టి కాకుండా గోడను బట్టి ఎంచుకోవాలి. పని జరిగే గోడతో ఏ సంబంధమూ లేని గది కావాలి, వీలైతే వేరే అంతస్తులో. పెట్టె కింద మడతపెట్టిన బొంత వేస్తే నేల నుంచి వచ్చే కంపనం కొంత తగ్గుతుంది.

తలుపు సంగతి మరీ ఆసక్తికరం. రెండు మీటర్ల తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు ఉందనుకుందాం. వైశాల్యంలో అది నూటికి ఒక వంతే. కానీ ఆ ఒక్క వంతు నుంచి శబ్దశక్తి నేరుగా దూరుతుంది కాబట్టి, తలుపు ఎంత దళసరి టేకుదైనా అది తగ్గించగలిగేది 20 డెసిబెల్స్ మించదు. పాత తువ్వాలు చుట్ట చుట్టి ఆ సందులో పెట్టడం ఖరీదైన ఫోమ్ పలకలు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని. గ్రైండర్ కీచుశబ్దం దీనితో బాగా తగ్గుతుంది. సుత్తి దెబ్బల దడదడ అంతగా తగ్గదు.

డ్రిల్లింగ్ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మొదట చాలా తక్కువగా వినిపిస్తూ, ఇష్టమైన తిండి పెడుతూ అలవాటు చేయాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. పద్ధతి మంచిదే, కొన్ని వారాల ముందే మొదలుపెడితే. కానీ మామూలు డిజిటల్ రికార్డింగులో సుమారు 22,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ఫోన్ స్పీకర్ లోతైన శబ్దాన్ని పలికించలేదు, నేలను అసలు కదిలించలేదు. పిల్లి నేర్చుకునేది పాఠంలో సగమే. ‘రెండు రోజులు పోతే అదే అలవాటు పడుతుంది’ అని ఏమీ చేయకుండా వదిలేయడం ఇంకా ప్రమాదం. తప్పించుకునే దారి లేని పెద్ద శబ్దానికి కొన్ని జంతువులు అలవాటు పడవు, రోజురోజుకూ మరింత బెదురుతాయి.

దాక్కున్న పిల్లిని బుజ్జగించడానికి బయటికి లాగకూడదు. నెదర్లాండ్స్‌లో ఒక ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల మీద జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన 10 పిల్లులు, పెట్టె లేని తొమ్మిదింటి కన్నా త్వరగా కుదుటపడ్డాయి. కావలసింది ఒక అట్టపెట్టె మాత్రమే! దాక్కోవడం పిల్లికి జబ్బు లక్షణం కాదు, తన చేతిలో ఉన్న మందు.

ఊహించగలగడం కూడా మందులాంటిదే. ముందుగా సంకేతం ఇచ్చి షాక్ ఇచ్చిన ఎలుకలకు, సంకేతం లేకుండా అంతే షాక్ తగిలిన ఎలుకల కన్నా కడుపులో పుండ్లు తక్కువగా వచ్చాయని 1970 ప్రాంతంలో జే వైస్ చూపించారు. ఆ ప్రయోగం ఇప్పుడు చదివితే మనసు కలుక్కుమంటుంది గానీ, మేస్త్రీతో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. రోజూ ఒకే వేళకు మోత మొదలై ఒకే వేళకు ఆగితే మేలు. దానికి ముందు తిండి, తర్వాత ఆట, అవి కూడా అవే వేళలకు.

అమెరికాలో టోనీ బఫింగ్టన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే వైపు చూపుతుంది. 12 ఆరోగ్యమైన పిల్లులను, మూత్రాశయ వాపు ఉన్న 20 పిల్లులను 77 వారాలు గమనించారు. దినచర్య తలకిందులైన వారాల్లో ఆరోగ్యమైనవి కూడా తిండి తగ్గించాయి, బయట మూత్రం పోశాయి. పిల్లి పరుపు మీద తడిపితే అది పగ కాదు. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు, అప్పుడు గంటలు కూడా లెక్కే. రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, లావు పిల్లులకు మరీ ముప్పు. బెదురు తగ్గించడానికి పశువైద్యులు గాబాపెంటిన్ వంటివి రాస్తారు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం ముట్టకూడదు. పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

అన్నిటికన్నా నిశ్శబ్దమైన ప్రమాదం దుమ్ములో ఉంది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షలకు 90 వంతులు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన పొరలు పాత కిటికీలకు, తలుపులకు ఇంకా ఉండవచ్చు. వాటిని గీకినప్పుడు లేచే పొడి బొచ్చు మీద పడుతుంది. పిల్లి రోజంతా ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి అది నేరుగా కడుపులోకి పోతుంది. పిల్లుల్లో సీసపు విషానికి ఇళ్ల మరమ్మతులు ముఖ్య కారణాల్లో ఒకటని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. తిండి మానడం, వాంతులు, నీరసం దాని లక్షణాలు. బెదురూ అచ్చం ఇలాగే కనిపిస్తుంది, తేడా తేల్చేది రక్తపరీక్షే. పొడిగా గీకకుండా తడిపి గీకితే, సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము చాలా తగ్గుతుంది.

రంగుల కోసం బాల్కనీ గ్రిల్ తీసి, పక్కనే పరంజా కట్టిన రోజు కూడా పిల్లి గది తలుపు గడియ వేసి ఉండాలి. బెదిరిన పిల్లి ముందు దూకుతుంది, ఎత్తు తర్వాత తెలుస్తుంది.

పని అయ్యాక ఇల్లు మనకు కొత్తగా మెరుస్తుంది, పిల్లికి పరాయిదిగా వాసన వేస్తుంది. దాని చెంపల్లోని గ్రంథుల వాసన మూలమూలనా పూసి గుర్తుపెట్టుకున్న ఇల్లు రంగు కింద పోయింది. అందుకే దాని బొంతను ఉతక్కుండా అలాగే ఉంచి, రంగు వాసన పోయాక గదులను ఒక్కొక్కటిగా తెరవాలి. కొన్నాళ్లకు కొత్త గుమ్మం అంచుకు అది చెంప రుద్దుతుంది. సరిగ్గా మేస్త్రీ తెల్లరంగు వేసి వెళ్లిన చోటే, చిన్న మరక పడుతుంది.