అటక మీది రంపం అమ్మేయకండి

అటక దులుపుతుంటే నాన్నగారి చేతి రంపం బయటపడింది. నిండా తుప్పు. పాత సామాన్లవాడు తూకానికి వేసేయమన్నాడు. నేను ఇవ్వలేదు. పళ్ళు విరగకుండా, రేకు వంకర పోకుండా ఉంటే మీరూ ఇవ్వకండి.

చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, రేకుకి కిరోసిన్ గానీ కుట్టుమిషన్ నూనె గానీ పట్టించి ఓ పూట వదిలేయండి. తర్వాత గరుకు కాగితంతో పొడుగునా రుద్దితే తుప్పు ఊడొస్తుంది.

అసలు పని పళ్ళ దగ్గరే. రంపాన్ని రెండు చెక్కబద్దల మధ్య కదలకుండా బిగించి, మూడు పలకల ఆకురాయితో పన్ను విడిచి పన్ను సాన పెట్టాలి. మిగిలినవి రెండోవైపు నుంచి. పంటికి రెండు మూడు సార్లు చాలు, కానీ అన్నిటికీ సమానంగా. ఆకురాయిని ముందుకి తోయాలే గానీ వెనక్కి ఈడ్చకూడదు. పళ్ళు ఒకటి అటు, ఒకటి ఇటు కాస్త వంగి ఉంటాయి. చెడిపోయాయనుకుని తిన్నగా కొట్టేసేరు! ఆ వంపు వల్లే కోత రేకుకన్నా వెడల్పుగా పడి, రంపం చెక్కలో బిగుసుకోదు.

ఇప్పుడొచ్చే కొన్ని రంపాలకి పళ్ళ కొసలు నల్లగా ఉంటాయి. బాగా గట్టిపరిచినవి కాబట్టి వాటిమీద ఆకురాయి పనిచెయ్యదు. మొద్దుబారితే పారేయడమే.

వడ్రంగి ఇవాళ రేపు అంటూ తిప్పిన పీట కాలు మొన్న నేనే కోసి సరిచేశాను. పిడి కూడా మారుద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న చెయ్యి పడి నున్నబడిందే అది, ఉండనీ" అంది.