వసంతంలో ఒక రాత్రి గుడారం నీడన

తెలుగునాట వసంతం నిడివి బహు తక్కువ. ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి చివరి వరకు, మహా అయితే ఆరు వారాలు. మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చి నిలువెల్లా ఎర్రని పూలు తొడిగేదీ, మామిడి పూత పిందెగా మారేదీ ఈ రోజుల్లోనే. ఆ తరువాత ఎండ మనల్ని గడప దాటనివ్వదు. ఈ కొద్ది వారాల్లో ఒక్క వారాంతమైనా కుటుంబమంతా కలిసి కొండ మీదనో, చెరువు గట్టునో గుడారం వేసుకొని గడిపితే ఎంత బాగుండునని అనుకోని ఇల్లు ఉండదు. అయితే ఆ కోరిక తీరేలోగా ఎన్నో సందేహాలు అడ్డుపడతాయి. ఎక్కడికి వెళ్లాలి? ఆడపిల్లలతో, వృద్ధులతో అక్కడ రాత్రి ఉండగలమా? భోజనం, నమాజ్ సంగతేమిటి? వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

హైదరాబాదు వాసులకు అతి చేరువైనది వికారాబాద్ దగ్గరి అనంతగిరి. నగరానికి సుమారు 75 కిలోమీటర్ల దూరం. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తిన వరద ఈ నదిదే. ఆ విపత్తు తరువాత మూసీపై ఉస్మాన్ సాగర్‌ను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్‌ను నిర్మించారు. గండిపేట నీళ్ల గురించి పెద్దల నోట విన్న పిల్లలకు ఆ నీటి పుట్టుకను చూపించడానికి ఇంతకంటే మంచి పాఠశాల లేదు. మనం ఈ కొండ మీద పారవేసే ప్లాస్టిక్ సంచి ఏ దారిన ఎక్కడికి చేరుతుందో కూడా వారికి అక్కడే బోధపడుతుంది. దగ్గరలోని కోట్‌పల్లి జలాశయంలో చిన్న పడవలు నడిపే వీలుంది.

వరంగల్ వైపు వారికి ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు ఉంది. కాకతీయులు 13వ శతాబ్దంలో సాగునీటికై నిర్మించిన ఈ చెరువు నేటికీ పొలాలను తడుపుతూనే ఉంది. చుట్టూ కొండలు, నడుమ చిన్న చిన్న ద్వీపాలు, వాటిని కలిపే వేలాడే వంతెన. చెరువు అందం ఎంతటిదో లోతూ అంతటిదే కనుక, పిల్లలను ఒంటరిగా నీటి అంచుకు పంపరాదు.

రాయలసీమ వారికి మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ తగినది. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ అనే అధికారి వేసవి విడిది కట్టుకున్నందున ఆ పేరు స్థిరపడింది. ఎత్తు 1,200 మీటర్లకు పైమాటే. మార్చిలో కింద ఎండ చురుక్కుమంటున్నా కొండపై రాత్రి దుప్పటి కావాలి.

గోదావరి జిల్లాల వారికి రాజమహేంద్రవరం నుంచి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో మారేడుమిల్లి ఉంది. స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో అటవీశాఖ అక్కడ విడుదులు నడుపుతోంది. అక్కడి వెదురు బొంగు కోడి ప్రసిద్ధమైనది. జబీహా విషయంలో జాగ్రత్త పాటించే మనవారు మాంసాన్ని ఇంటి నుంచే మంచు డబ్బాలో తీసుకువెళ్లి, బొంగులో వండి ఇమ్మని అడగవచ్చు. విశాఖపట్నం వారికి అరకు ఉండనే ఉంది. అక్కడికి వెళ్లే రైలు 50కి పైగా సొరంగాలు దాటుతుంది. తొలి వేసవి జల్లులు పడితే మార్చి, ఏప్రిల్ నెలల్లో కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఆ పూల పరిమళం మల్లెను తలపిస్తుంది. అవి నిలిచేది కొద్ది రోజులే. అరకు దారిలోనూ అనంతగిరి అనే ఊరు ఉంది. పేరు ఒకటే కనుక విడిది ఖాయం చేసుకునేటప్పుడు ఏ అనంతగిరియో చూసుకోవాలి.

చోటు కుదిరినంత మాత్రాన విహారం సుఖాంతం కాదు. విశ్రాంతి ఎవరికి అన్నది మనం వేసుకోవలసిన అసలు ప్రశ్న. చాలా ఇళ్లలో విహారయాత్ర అంటే ఇల్లాలి వంటగది కొండ మీదికి మారడమే. ఇంట్లో గ్యాసు పొయ్యి, కుళాయి నీళ్లు ఉంటాయి. అక్కడ పొగ, మోసుకొచ్చిన బిందె. భర్త, పిల్లలు పక్షులను చూస్తుంటే ఆమె ఉల్లిపాయలు కోస్తూ ఉంటుంది. ఇది న్యాయం కాదు. మొదటి పూటకు ఇంటి నుంచే చపాతీలు, పొడి కూర, పెరుగన్నం తీసుకువెళ్లాలి. రెండో పూట వంటను, అంట్లను మగవారూ మగపిల్లలూ పంచుకోవాలి. దాదీ, నానీ వంటి పెద్దలకు నేల మీద కూర్చోవడం కష్టం. మడత కుర్చీ ఒకటి వెంట ఉంటే వారూ సంతోషంగా వస్తారు. స్త్రీలకు వేరే గుడారం, తలుపు గడియ ఉన్న మరుగుదొడ్డి, రాత్రి దీపం ఉన్నాయో లేదో ముందే ఫోనులో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

నిప్పు విషయంలో ఏమరుపాటు అసలు పనికిరాదు. వసంతంలో అడవి నేలంతా ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలు, గాలికి కొండంతా పాకుతుంది. ఇప్పపూలు, తునికాకు ఏరుకొని బతికే అడవి బిడ్డల ఏడాది జీవనం అందులో బూడిదవుతుంది. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం కూడా. అనుమతించిన చోటే, చుట్టూ ఆకులు ఊడ్చి, పక్కన నీటి బకెట్టు పెట్టుకొని వెలిగించాలి. లేచేటప్పుడు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయాలి. బూడిదపై చేయి ఉంచి చూస్తే వెచ్చదనం తగలకూడదు. చలి వేస్తోందని బొగ్గుల కుంపటిని గుడారంలోకి ఎన్నటికీ తీసుకోరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గుడారాన్ని ఎండిన కొమ్మల కిందా, వాగు అడుగునా వేయకూడదు. ఈ రోజుల్లో అకాల వర్షం, పిడుగులు మామూలే. ఉరిమితే గుడారం వదిలి పక్కా గదిలోకో, కారులోకో చేరాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి. గుడారపు జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి.

నమాజ్‌కు మన ప్రాంతం నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. చీకటి పడకముందే దిక్కు గుర్తుపెట్టుకొని, శుభ్రమైన చోట చాప పరిస్తే చాలు. వుజూకు వాగునీటిని చెంబుతో ముంచుకోవాలి. సబ్బు వాగులో కలపరాదు, కింద పశువులు తాగేది ఆ నీరే.

చీకటి పడ్డాక ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కట్టేయండి. అత్యవసరానికి ఒక్కటి చాలు. ఊరి దీపాలు లేని చోట ఎన్ని నక్షత్రాలు కనిపిస్తాయో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ రాత్రి వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక తల్లిదండ్రులకు ఉండాలి. మరునాడు బయలుదేరే ముందు చెత్త సంచి ఒకటి కుటుంబంలో అతి చిన్నవారి చేతికిచ్చి, మనం రాకముందు ఆ చోటు ఎలా ఉందో అలా చేసి రమ్మందాం.