నాన్నగారి వాచీ

చింతపల్లి చలిలో తెల్లవారుజామున దుప్పటి వదిలి లేవడం అంత తేలిక కాదు. మా ఇంట్లో ఆ పని చేయించింది నాన్నగారి క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ డిజిటల్ వాచీ. 1989లో వచ్చిన మోడల్ అది. నాలుగున్నరకు అది కీచుమనగానే అందరం కుటుంబ ప్రార్థనకు కూర్చునేవాళ్లం. ఆయన ప్రభువు సన్నిధికి చేరాక వాచీ ట్రంకుపెట్టెలోకి వెళ్లింది. మా ప్రార్థన కూడా మెల్లగా ఆగిపోయింది.

మొన్న తీసి చూస్తే తెరమీద ఒక్క అంకె లేదు. వెనక నాలుగు మరలు విప్పాం. పాత బ్యాటరీ కారి రేకు పచ్చబడింది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాం. కొత్త సీఆర్2016 బ్యాటరీ వేశాం. లోపల ‘ఏసీ’ అని రాసి ఉన్న చోటుకూ బ్యాటరీకీ పట్టకారు ఆనించి రెండు సెకన్లు ఉంచాం. అంకెలు వెలిశాయి. నాన్నగారు పెట్టిన అలారం మాత్రం చెరిగిపోయింది. మనసు చివుక్కుమంది. అన్నయ్య మాట్లాడకుండా మళ్లీ నాలుగున్నర పెట్టాడు.

లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అయినా నెలకు కొన్ని సెకన్ల తేడా రావచ్చు. లీపు సంవత్సరం దానికి తెలియదు. ఫిబ్రవరి 29ని మనమే సరిచేయాలి. అందుకే నాన్నగారు రేడియో వార్తల వేళకు తరచూ సరిచూసుకునేవారు. అంత నమ్మకమైన వాచీకే దిద్దుబాటు కావాలి. మనకు అక్కర్లేదా?

ఇప్పుడు దాన్ని వారానికొకరం పెట్టుకుంటున్నాం. ఎవరి చేతికి ఉంటే వారే అందరినీ లేపాలి. మొదటి ఉదయం 90వ కీర్తన చదువుకున్నాం. వాచీ బాగుచేయడం ఒక్క సాయంత్రం పని. నాలుగున్నరకు లేవడం మాత్రం రోజూ చేయాల్సిన పని.