ఇంటి ఋణము – ఇల్లాలి కర్తవ్యము

ఇంటికి దీపము ఇల్లాలని మన పెద్దలందురు. అట్టి యిల్లాలికి తన యింటిమీద నెంత ఋణమున్నదో తెలియకపోవుట మాత్రము మన కుటుంబములలో సామాన్యముగ నున్నది.

మా మహమ్మద్‌నగరములో జరిగిన సంగతి చెప్పెదను. గడచిన దసరాకు ఇల్లు సర్దుకొనుచుండగా మా పొరుగింటి చెల్లెలికి అలమారలో బట్టల క్రింద నొక కవరు దొరకెను. "అక్కా, ఇదేమో చదివి చెప్పవా" యని నాయొద్దకు తెచ్చినది. అది ఇంటి ఋణమిచ్చిన బ్యాంకు పంపిన నోటీసు. భర్త సిగ్గుచే దానిని దాచియుంచెను. ఋణపత్రములో ఆమె సంతకమును ఉన్నది. ఆ సంగతి ఆమె మరచియేపోయినది. అరువది దినముల గడువులో నప్పటికే నలువదియొక్క దినములు గడచిపోయెను.

ఈ నోటీసు 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము ననుసరించినది. వాయిదాలు 90 దినములకు మించి నిలిచిపోయి, ఖాతా మొండిబాకీగ నెంచబడినచో, బ్యాంకు న్యాయస్థానమునకు పోకయే ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చును. కాని దానికి ముందు 60 దినముల నోటీసు ఈయవలెను. ఆ నోటీసునకు మనము ఆక్షేపణ వ్రాసి పంపినచో, 15 దినములలో బ్యాంకు కారణములతో బదులీయవలెను. స్వాధీనము చేసికొన్న పిదప 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలునకు మొరపెట్టుకొనవచ్చును. వేలమునకు ముందు 30 దినముల నోటీసుండవలెను. వేలపు ప్రకటన వెలువడులోపల బాకీయంతయు ఖర్చులతో చెల్లించినచో ఇల్లు మనకే దక్కును. వేలములో బాకీకి మించి వచ్చిన సొమ్ము మనదే. తక్కువపడినచో మిగిలిన బాకీ మనపైననే యుండును.

నిజాంసాగరు కాలువ క్రింద సేద్యము చేయు మావంటి గ్రామములవారు మరియొకటి యెరుగవలెను. ఈ చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు. లక్ష రూపాయలకు మించని బాకీకిని వర్తింపదు. అట్టి బాకీలకు న్యాయస్థానపు మార్గమే శరణ్యము.

ఊరి వడ్డీవ్యాపారికి కుదువపెట్టిన యింటి సంగతి వేరు. అతడు ఎంత గద్దించినను తనంతట తాను వచ్చి తాళము వేయుటకు హక్కులేదు. న్యాయస్థానమున దావా వేసి డిక్రీ పొందవలసినదే. కాని యిందొక మోసము కలదు. "పేరునకు విక్రయపత్రము వ్రాయుడు, అప్పు తీరగనే తిరిగి వ్రాసియిచ్చెద" నని నోటిమాట చెప్పువారున్నారు. ఆస్తి బదిలీ చట్టము ప్రకారము తిరిగి యిచ్చెదనను షరతు ఆ విక్రయపత్రములోనే యుండనియెడల దానిని తాకట్టుగ నెంచరు. నోటిమాట నమ్మి సంతకము చేయకుడు.

నేనీ సంగతులు వివరించుచుండగా ఆ చెల్లెలు, "మా అక్క కూతురు టెక్సాసులో నున్నది, అల్లునికి ఉద్యోగము పోయినది. అక్కడను ఇవియే గడువులా?" యని యడిగినది. కావు. మన దేశమున నీ చట్టము అన్ని రాష్ట్రముల కొక్కటే. అమెరికాలో రాష్ట్రమునకొక పద్ధతి. అక్కడ సాధారణముగ 120 దినములు బాకీపడువరకు వేలపు చర్య ప్రారంభింపరాదని దేశమంతటికి నియమమున్నది. ఆ పైన టెక్సాసులో న్యాయస్థానము ప్రమేయము లేకయే, బాకీ తీర్చుటకు 20 దినములు, వేలమునకు 21 దినములు నోటీసిచ్చి, నెలలో మొదటి మంగళవారమున ఇంటిని వేలము వేయుదురు. వేలమైన పిమ్మట విడిపించుకొను హక్కు లేదు. మన తెలుగువారు విరివిగ నున్న న్యూజెర్సీలోనైనచో దావా వేసి తీర్పు పొందిననేగాని వేలము సాగదు. ఒకే విధమైన ఋణమునకు ఒకచోట వారములు, మరియొకచోట మాసములు! కావున అక్కడి బిడ్డలు తమ రాష్ట్రపు చట్టమును ముందే తెలిసికొని, అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణశాఖ ఆమోదించిన ఋణసలహాదారులను ఆశ్రయింపవలెను. వారు వేలము తప్పించు సలహాకు రుసుము కోరరు.

ఇక పొరుగింటి కథ. మావారు బడినుండి వచ్చినపిదప దంపతులిద్దరిని కూర్చుండబెట్టి లెక్క చూచితిమి. ఆమె తన గొలుసును విక్రయించినది. భర్త బ్యాంకునకు పోయి, నిలిచిన వాయిదాలన్నియు వడ్డీతో చెల్లించెను. నిలువ బాకీ పూర్తిగ తీరినచో ఖాతాను మరల మామూలు ఖాతాగ నెంచవచ్చునని రిజర్వుబ్యాంకు నియమము, అట్లే జరిగినది. ఆనాడామె భర్తతో ననిన మాట యొక్కటే: "గొలుసు పోయినందుకు కాదు, నాకు చెప్పకుండినందుకే బాధ."

చెల్లింప శక్తిలేనప్పుడును మార్గములు గలవు. నోటీసు రాకముందే బ్యాంకునకు పోయి, వాయిదా తగ్గించి కాలము పెంచుమని వ్రాతపూర్వకముగ కోరవచ్చును. ఒక్కమారుగ కొంత చెల్లించి రాజీపడవచ్చును. అదియు కానిచో, వేలమునకు విడువక బ్యాంకు అనుమతితో తామే మంచి వెలకు విక్రయించుకొనుట మేలు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచిత న్యాయసహాయము లభించును.

సోదరీమణులారా! చట్టము మనకు దినములు లెక్కించి యిచ్చుచున్నది. సిగ్గు వానిని మ్రింగివేయుచున్నది. ఇంటికి వచ్చిన ప్రతి కవరును తెరచి చదువుడు. సంతకము చేసిన ప్రతి పత్రపు నకలును నగలపెట్టెలో నగలతోపాటు భద్రపరచుడు. భర్త చెప్పుటకు జంకినను, కోపగింపక చెంత కూర్చుండి యడుగుడు. ఇంటిని నిలుపుకొనుటయు గృహకృత్యములలో నొకటియే కదా!