శుక్ల చికిత్సలో లేసరు

ఉర్దూలో ‘మోతియాబింద్’ అనబడు శుక్లమును తీయించుకొన్నను కొందరు పెద్దలకు అక్షరములు చెదరియే కనబడును. అందులకు ఒక కారణము అసమదృష్టి. కంటి ముందరి పారదర్శకమగు కార్నియా బంతివలె గాక కోడిగ్రుడ్డువలె ఒక దిశయందు హెచ్చు వంపు కలిగియుండగా, కిరణములు ఒక్కచోట కలియవు. శుక్లము తొలగినను ఈ వంపు నిలిచియుండును.

2008లో బుడాపెస్టున జోల్టాన్ నాగీ ఫెమ్టోసెకండు లేసరును శుక్ల చికిత్సయందు తొలుత ప్రయోగించెను. హెచ్చు వంపుగల దిశలో, కార్నియా అంచున ఆ లేసరు విల్లువంటి సన్నని గాట్లు పెట్టగా వంపు తగ్గును. స్వల్ప దోషమునకు ఇది చాలును. హెచ్చు దోషమునకు టోరిక్ కటకము మేలు.

ఏలూరు చెంత సోమవరప్పాడున జన్మించిన సినీదర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేర 1987లో హైదరాబాదున వెలసిన నేత్రవైద్యసంస్థ తెలుగువారికి నూతన చికిత్సలను చేరువ చేసినది. లేసరు వ్యయసాధ్యము, కొలత మాత్రము అందరికిని అవసరము. విద్యార్థులారా! మీ పెద్దలకు శస్త్రచికిత్సకు ముందే కార్నియా వంపును కొలిపింపుడు.