కేసు ఓడిన కర్ట్ ఫ్లడ్.. గెలిచింది తర్వాతి తరం

శనివారం ఉదయం గ్రౌండ్ పక్కన కుర్చీలు వేసుకుని పిల్లల బేస్‌బాల్ చూసే మన తల్లిదండ్రులకు జాకీ రాబిన్సన్ పేరు తెలిసే ఉంటుంది. కర్ట్ ఫ్లడ్ పేరు మాత్రం చాలామంది విని ఉండరు. హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన ఆటగాడు ఆయనే.

1938లో హ్యూస్టన్‌లో పుట్టి ఓక్లాండ్‌లో పెరిగిన ఫ్లడ్, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 12 సీజన్లు ఆడారు. సెంటర్ ఫీల్డర్. వరుసగా ఏడు గోల్డ్ గ్లవ్‌లు, 1964, 1967ల్లో వరల్డ్ సిరీస్ విజయాలు. జీతం ఏడాదికి 90 వేల డాలర్లు.

1969 అక్టోబరులో యాజమాన్యం ఆయన్ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. ఒక్క మాటైనా అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. అప్పటి ‘రిజర్వ్ క్లాజ్’ ప్రకారం ఒకసారి సంతకం పెట్టిన ఆటగాడిపై హక్కు క్లబ్బుదే. కాంట్రాక్టు గడువు ముగిసినా అంతే. క్లబ్బు పంపిన చోటికి వెళ్లాలి, లేదంటే ఇంటికి వెళ్లాలి. కంపెనీ మారాలంటే మనకు వీసా కాగితాల తలనొప్పి. ఆయనకు మారే దారే లేదు.

లక్ష డాలర్లు ఇస్తామని ఫిలడెల్ఫియా అంది. ఫ్లడ్ వద్దన్నారు. తాను కొనడానికీ అమ్మడానికీ వస్తువును కాదంటూ క్రిస్మస్ ముందురోజు కమిషనర్ బౌయీ కూన్‌కు లేఖ రాశారు. గెలవడం కష్టమని, మళ్లీ ఆడే అవకాశం రాకపోవచ్చని ఆటగాళ్ల సంఘం నేత మార్విన్ మిల్లర్ ముందే హెచ్చరించారు. అయినా 1970 జనవరిలో కోర్టుకెక్కారు. రిటైరైన రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పారు. అప్పుడు ఆడుతున్నవాళ్లలో ఒక్కరూ రాలేదు. వాళ్లనూ తప్పుపట్టలేం.. ఉద్యోగం పోతుందన్న భయం ఎలా ఉంటుందో మనకు తెలియందా?

1971లో వాషింగ్టన్ సెనేటర్స్‌కు 13 మ్యాచ్‌లు ఆడి వదిలేశారు. స్పెయిన్ వెళ్లి మయోర్కా దీవిలో బార్ నడిపారు. 1972 జూన్‌లో సుప్రీంకోర్టు 5-3తో ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆర్థిక ఇబ్బందులు, మద్యం.. ఆ ఏళ్లు భారంగా గడిచాయి. తర్వాత ఓక్లాండ్ తిరిగొచ్చి కొన్నాళ్లు మ్యాచ్ వ్యాఖ్యానం చెప్పారు, పిల్లల బేస్‌బాల్ బాధ్యతలు చూశారు.

ఈలోగా 1975 డిసెంబరులో మరో ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో రిజర్వ్ క్లాజ్ కట్టు తెగింది. అప్పటికి ఫ్లడ్ ఆట ముగిసిపోయింది. 1997 జనవరిలో గొంతు క్యాన్సర్‌తో 59 ఏళ్లకే కన్నుమూశారు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టానికి ఆయన పేరే పెట్టారు.

2024 డిసెంబరులో హువాన్ సోటో తనకు నచ్చిన జట్టును ఎంచుకుని, న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.