ఆసుపత్రిలోని పసికందులకు అల్లిక కానుకలు

అల్లిక తెలిసిన స్త్రీ చేతికి దారపుటుండ దొరకిన యెడల ఆమెకు ప్రొద్దు ఊరక పోదు. మధ్యాహ్నము భోజనములైన పిదప నొక గడియయు, రాత్రి పిల్లలు నిద్రించిన పిదప నొక గడియయు ఈ పనికి మన యిండ్లలో దొరకుచునే యుండును. ఆ గడియలలో బల్లలపై పఱచు గుడ్డలు, ద్వారములకు తోరణములు, కుర్చీల వీపులకు లేసులు ఎన్నియో అల్లుచుందుము. మన యిల్లు నిండిన పిమ్మట చుట్టముల యిండ్లకును పంపుదుము. ఆ పనితనములో కొంత భాగమును ఆసుపత్రులలో నున్న పసికందుల కొఱకు వినియోగింపవలసినదని మా సోదరీమణులకు మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఈ దానమునకు ధనము విశేషముగా నక్కఱలేదు. కాని నియమ మొకటి కలదు. అల్లువారికి ముచ్చటగా నున్నది గాక, బిడ్డకు పనికివచ్చునదే యీయవలెను. ఈ రెంటికి గల భేదము చిన్నది కాదు.

చలి యేల ప్రమాదము?

గర్భమున 37 వారములు నిండక మునుపే పుట్టిన శిశువులను నెలలు తక్కువ బిడ్డలందురు. పుట్టినప్పుడు 2,500 గ్రాములకు తక్కువ తూగిన బిడ్డ బరువు తక్కువ బిడ్డ. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు నమోదైన శిశువులలో నూటికి 18 మంది ఇట్టివారుగా తేలిరి. అనగా ఇది యెక్కడనో అరుదుగా జరుగు సంగతి కాదు; మన వీధిలో, మన బంధువర్గములో జరుగుచున్నదే.

పెద్దలమైన మనకు చలివేసినచో వణకు పుట్టును. ఆ వణకుచేతనే ఒంట వేడిమి కలుగును. పసిబిడ్డకు వణకుట చేతకాదు. మెడచుట్టును, భుజముల నడుమను దాగియున్న ఒక విధమైన గోధుమవన్నె క్రొవ్వును కరగించుకొని వేడిమి పుట్టించుకొనును. ఆ క్రొవ్వు గర్భవాసపు చివరి వారములలోనే ఎక్కువగా చేరును గనుక ముందుగా పుట్టిన బిడ్డకు ఆ నిలువ మిక్కిలి తక్కువ. చర్మము పలుచన, తలయో, దేహమునుబట్టి చూడ పెద్దది. పెద్దవారి చర్మపు విస్తీర్ణములో తలయు మెడయు కలిసి పదియవ వంతైనను కాదు. శిశువునకు తల యొక్కటియే ఇంచుమించు అయిదవ వంతు. తడితల ఆరకయున్నను, గాలికి తెఱచియున్నను వేడిమి అటనుండి తరలిపోవుచుండును.

శిశువు ఒంటి వేడిమి 36.5 మొదలు 37.5 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు నుండవలెను. అంతకు తగ్గినచో త్రాగిన పాలలోని బలమంతయు వేడిమికే వ్యయమై బిడ్డ పెరుగదు. రక్తములోని చక్కెర తగ్గును. ఊపిరి తీయుట కష్టమగును. మండువేసవిలో సైతము, పంకా క్రింద తడిగుడ్డలో నున్న నవజాత శిశువు చల్లబడగలదు. చలికాలము కాదుగదా యని యేమఱుట తగదు.

తల్లి యెద, తలకు కుళ్లాయి

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో, 1978వ సంవత్సరమున ఎడ్గార్ రే అను వైద్యుడు ఒక మార్గము కనిపెట్టెను. అచటి ప్రసూతి వైద్యశాలలో వెచ్చని పెట్టెలు చాలక ఒక్కొక దానిలో ఒకరికంటె ఎక్కువమంది శిశువులను పరుండబెట్టుచుండిరి, అంటుజాడ్యములు ప్రబలుచుండెను. అప్పుడాతడు బిడ్డను తల్లి యెదపై చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా కట్టి యుంచు పద్ధతిని ప్రారంభించెను. కంగారూ తన పిల్లను సంచిలో మోయుటను బట్టి దానికి కంగారూ సంరక్షణ మని పేరు వచ్చెను. మన దేశముతోగూడ అయిదు దేశములలో జరిపి 2021వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, కిలోగ్రాము మొదలు 1,800 గ్రాముల లోపు బరువుగల బిడ్డలను పుట్టిన వెంటనే ఇట్లుంచుటవలన మరణములు నూటికి 25 వంతులు తగ్గినట్లు తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ పద్ధతిని నెలలు తక్కువ బిడ్డలకును, బరువు తక్కువ బిడ్డలకును వెంటనే ఆరంభింపుమని చెప్పెను.

ఇందులో అల్లికకు చోటెక్కడ నని మీరడుగవచ్చును. యెదపై నున్న బిడ్డకు ఒళ్లు తల్లివేడిమిచే వెచ్చనగును. ఒంటిపై గోచిగుడ్డయు, కాళ్లకు మేజోళ్లును, తలకు కుళ్లాయియు తప్ప మఱేమియు నుండదు. బయటికి మిగిలినది తలయే గదా! ఆ తలను కాచు చిన్న కుళ్లాయియే మనము అల్లి యీయదగిన వస్తువు. కుళ్లాయి వైద్యము కాదు. తల్లి యెదకు, తల్లిపాలకు, వైద్యుని చేతికి బదులు కానేరదు. వానికి తోడుపడునది మాత్రమే. కామెర్లకు దీపకాంతి చికిత్స చేయునప్పుడు దానిని తీసివేయుదురు. ఇంటికి వచ్చిన పిదప ఆరోగ్యముగా నున్న బిడ్డకు నిద్రలో, గదిలోపల కుళ్లాయి పెట్టరాదనియు, దానివలన ఒళ్లు మితిమీరి వేడెక్కవచ్చుననియు అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము 2022లో హెచ్చరించినది. కావున ఆసుపత్రిలో ఎప్పుడు పెట్టవలెనో, ఎప్పుడు తీయవలెనో నర్సులు చూచుకొందురు.

మొదట అడుగవలెను

దారము కొనక మునుపే ఆసుపత్రికి పోయి, శిశువిభాగపు పెద్ద నర్సునో, వైద్యునో కలిసికొని అడుగుడు. మీరు తీసికొందురా? ఎంత కొలతవి కావలెను? ఏ దారము? ఎన్ని? కొన్ని ఆసుపత్రులు బయటి వస్తువులను స్వీకరింపవు. అది అనాదరము కాదు. అంటు సోకునేమోయను జాగ్రత్త. కొన్నిచోట్ల కుళ్లాయిలు సమృద్ధిగా నుండి, మెత్తని తెల్లని నూలుగుడ్డలే కొఱతగా నుండవచ్చును. అట్టిచోట అల్లిక సూదులు ప్రక్కనబెట్టి పాత మల్లు వలె మెత్తని క్రొత్త గుడ్డ కొని, అంచులు మడచి కుట్టి యిచ్చినవారిదే యోగ్యమైన దానము.

మొదటి మహాయుద్ధకాలమున సైనికులకు మేజోళ్లల్లు స్త్రీలకు రెడ్‌క్రాసు వారు అల్లిక కొలతలను అచ్చు వేయించి పంచిపెట్టిరి. మడమకడ ముడి యొకటి మిగిలినను నడచువాని పాదము పుండగునని వారి భయము. సైనికుని పాదమునకే అంత కొలత యుండగా, అరచేతిలో ఇముడు తలకు ఎంత యుండవలెను?

డెన్మార్కు దేశమున 2013వ సంవత్సరము మొదలు మఱియొక అల్లిక ప్రసిద్ధి కెక్కినది. ఎనిమిది కాళ్ల ఆక్టోపసు బొమ్మను నూలుతో క్రోషా అల్లి, నెలలు తక్కువ బిడ్డల ప్రక్కన నుంతురు. ఆ కాళ్లు బొడ్డుత్రాటిని పోలియుండి బిడ్డకు ఊరట నిచ్చుననియు, ముక్కుగొట్టములను లాగక వానినే పట్టుకొనుననియు చెప్పుదురు. అది నిశ్చయముగా నిరూపింపబడిన సంగతి కాదు. అయినను ఆ స్త్రీలు పాటించు నియమములు మెచ్చదగినవి. నూరుపాళ్లు నూలుదారము, 60 డిగ్రీల వేడినీటిలో ఉతుకుటకు తాళునది, సాగదీసినను కాలు 22 సెంటీమీటర్లకు మించరాదు, మించినచో బిడ్డకు చుట్టుకొనవచ్చును. ప్రేమకు సయితము కొలబద్ద పట్టుట ఇందు కనబడుచున్నది.

దారమును గూర్చి, పెట్టెను గూర్చి

మన ఉష్ణదేశమునకు మెత్తని నూలుదారమే శ్రేష్ఠము. నూగు లేచు ఉన్ని బిడ్డ ముక్కునకును, నోటికిని చేరును, చర్మమును గీరును. రిబ్బనులు, గుండీలు, పూసలు, కుచ్చులు ఏవియు కూడవు. అవి మన కంటికి ముద్దు. బిడ్డకు కంఠమున చిక్కుకొను గండము. పెద్ద రంధ్రములుగల లేసు అల్లికయు వలదు; వ్రేళ్లు చిక్కుకొనును, వేడిమియు నిలువదు.

ఇక ముఖ్యముగా చెప్పవలసిన మాట. మన యిండ్లలో ఉన్నిబట్టల పెట్టెలలో కలరా ఉండలు వేయుట వాడుక. పుట్టుకతోనే రక్తమున జీ-సిక్స్-పీడీ యను పదార్థము కొఱవడిన శిశువులు కొందఱుందురు. కలరా ఉండల ఆవిరి పట్టిన బట్ట వారికి తగిలినచో ఎఱ్ఱకణములు చితికి, కామెరలు ముదిరి, మెదడునకే హాని కలుగవచ్చును. చూచినంతమాత్రమున ఏ బిడ్డకు ఆ లోపము కలదో తెలియదు. కాబట్టి ఆ పెట్టెలో నుంచిన దారముగాని, కుళ్లాయిగాని ఈయనే కూడదు. ఇది ఆసుపత్రి కానుకలకే గాక, మన యింట పుట్టిన బిడ్డల పొత్తిగుడ్డలకును వర్తించును. అగరుధూపము, అత్తరు, పొగ వాసన సయితము తగులనీయకుడు.

కుళ్లాయి అల్లు విధము

సుమారు 32 వారములకు పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 29 సెంటీమీటర్లకు అటునిటుగా నుండును. నెలలు నిండిన బిడ్డకు 34 లేక 35. అల్లిక సాగును గనుక కుళ్లాయి తలకంటె కొంచెము తక్కువ కొలతతో నుండవలెను. క్రింది విధము చిన్నబిడ్డకు.

4 మిల్లీమీటర్ల లావుగల సూదులు రెండును, నడితరపు లావుగల నూలుదారమును తీసికొనుడు. ముందుగా మచ్చు అల్లి చూడుడు. 10 సెంటీమీటర్ల వెడల్పులో 21 లేక 22 కుట్లు రావలెను. ఎక్కువ వచ్చినచో లావు సూదులు, తక్కువ వచ్చినచో సన్నసూదులు పట్టవలెను.

వదులుగా 60 కుట్లు ఎక్కించుడు. రెండు ప్లెయిను, రెండు పర్లు చొప్పున 3 సెంటీమీటర్ల యెత్తు వచ్చువఱకు అల్లుడు, ఇది అంచు. పిదప ఒక వరుస ప్లెయిను, మఱుసటి వరుస పర్లుగా మొత్తము 9 సెంటీమీటర్లు వచ్చువఱకు సాగింపుడు. ఇక తగ్గించుట. ముఖపు వరుసలో నాలుగు కుట్లల్లి, రెంటిని కలిపి యొకటిగా అల్లుచు చివరకు పోయినచో 50 మిగులును. వెనుక వరుస ఎప్పుడును పర్లే. తరువాతి ముఖపు వరుసలలో క్రమముగా మూడల్లి రెండు కలుపగా 40, రెండల్లి రెండు కలుపగా 30, ఒకటల్లి రెండు కలుపగా 20, అన్నియు రెండేసి కలుపగా 10 కుట్లు మిగులును. రెండు జానల దారము విడిచి త్రెంచి, ఆ పది కుట్లగుండ దానిని దూర్చి బిగియ లాగి, ప్రక్క అతుకును ఎత్తు రాకుండ చదునుగా కుట్టుడు. దారపు కొనలను లోపల దాచి, గట్టిగా లాగిచూడుడు. నెలలు నిండిన బిడ్డకైనచో 72 కుట్లెక్కించి, 11 సెంటీమీటర్లు వచ్చిన పిదప అదే క్రమమున తగ్గింపవలెను. చివరకు 12 కుట్లు మిగులును.

వాసనలేని సబ్బుతో వేడినీట నుతికి, ఎండలో బాగుగా ఆరనిచ్చి, క్రొత్త సంచిలో మూసి, పైన కొలతయు, దారపు రకమును, ఉతికిన తేదియు వ్రాసి యిండు. ఆసుపత్రివారు మరల నుతుకుదురు. దానికి తాళని కానుక కానుక కాదు.

పెద్దపిల్లల మాట

రక్తపు కాన్సరు మొదలగు జాడ్యములకు మందులు పుచ్చుకొను పిల్లలకు జుట్టు రాలిపోవును. చికిత్స ముగిసిన పిమ్మట మరల మొలచును. ఆ నడుమ కాలమున బోడితల లేతగా, మంటగా నుండును. అతుకు ముడి లోపల తగులని మెత్తని నూలుకుళ్లాయి వారికి హాయి నిచ్చును. బడియీడు పిల్లలకు రంగు వారినే యడిగి అల్లుట మంచిది. మందులు, సూదులు, పథ్యము అన్నియు నితరులు నిర్ణయించునవే యైన దినములలో, రంగొక్కటి తానే యెన్నుకొనుట ఆ బిడ్డకు కొంత గౌరవము.

ఎవరి తీరిక, ఎవరి కూలి?

అల్లిక మన తెలుగుసీమకు క్రొత్త కాదు. నరసాపురపు లేసు దేశాంతరములకు పోయినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. కాని ఆ లేసు అల్లు స్త్రీల బ్రతుకును గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటనుండి చేయు పని గనుక దానిని తీరికవేళ కాలక్షేపముగా నెంచి, కూలి మిక్కిలి తక్కువగా నిచ్చుచుండిరని ఆమె చూపెను. ఇది మనము మఱువరాదు. కూలికి అల్లు సోదరిని ధర్మము పేరు చెప్పి ఉచితముగా అల్లుమనుట దానము కాదు. ఆమె కష్టమును మనము దానము చేయుట యగును. తీరిక యున్నవారు తమ తీరిక నీయవలెను. అల్లిక రానివారు దారము కొనియిచ్చినను, కూలికి అల్లు స్త్రీకి న్యాయమైన వెల యిచ్చి కుళ్లాయిలు చేయించినను పుణ్యములో లోటు రాదు.

ఒక కుళ్లాయికి రెండు మూడు మధ్యాహ్నములు చాలును. దానిని ధరించు బిడ్డ పేరు మనకు తెలియదు. అల్లినది ఎవరో ఆ తల్లికి తెలియదు. బిడ్డ తల పెరిగి కొలది వారములలోనే అది పట్టకపోవును. పట్టకపోవుటయే మన కోరిక. ఈ నెలలో ప్రతి సోదరియు దగ్గఱనున్న ఆసుపత్రికి పోయి యడిగి, వారు కోరిన కొలతకు ఒక్కటైనను సరిగా అల్లి యీయవలసినదని మరల మనవి చేయుచున్నాము.